కోతి కడుపు మీద నేను పూసిన పసుపు

తొమ్మిదేళ్ల నుంచి మోస్తున్నాను. దించడానికి చోటు దొరకక మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇది ఇన్నేళ్లు నా దగ్గర కుళ్లేది కాదు. అవును, కుళ్లింది. బాధ అనీ పశ్చాత్తాపం అనీ పెద్ద పెద్ద మాటలు చెబుతారు. నాకు కలిగేది మాత్రం రోత. పొద్దున్నే అద్దానికి వీపు పెట్టి పళ్లు తోముకుంటాను.

ముందే ఒక మాట. మీరు జాలిపడాలని ఇది రాయడం లేదు. మధ్యలో ఎక్కడైనా నా గురించి నేను మంచిగా చెప్పుకుంటున్నట్టు అనిపిస్తే నమ్మకండి. ఆ విద్య నాకు బాగా వచ్చు.

మాది శంషాబాద్ మండలంలో ఒక ఊరు, పాల్మాకులకు దగ్గర. పేరు వద్దు. మా తాతల నాటి భూమిలో చాలావరకు ప్లాట్లయిపోయింది. నాకు మిగిలింది ఎకరన్నర. అందులో జామతోట వేశాను. పగలంతా నేను తోటలో ఉంటే, సాయంత్రాలు మా ఆవిడ పద్మ కాయలు తట్టల్లో పెట్టుకుని శంషాబాద్ రోడ్డు పక్కన కూర్చుని అమ్మేది. ఇల్లు గడిచేది ఆ తోట మీదే.

ఆ తోట మీద కోతులు పడ్డాయి. చుట్టుపక్కల గుట్టలు పగలగొట్టి, చెట్లు కొట్టి, వెంచర్లు వేస్తే అవి మాత్రం ఎక్కడికి పోతాయి? ఈ మాట ఇప్పుడు అంటున్నాను. అప్పుడు అనలేదు. అప్పుడు వాటిని చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. కడుపు నిండా తిని పోతే సరే అనుకోవచ్చు. పది కాయలు కొరికి, ఇరవై తెంపి పారేసి, కొమ్మలు విరిచి పోయేవి. పటాకులు కాల్చాను. డబ్బాలు కొట్టాను. ఎవరో చెబితే పెద్ద పులిబొమ్మ కొనుక్కొచ్చి గట్టు మీద పెట్టాను. మూడో రోజు ఆ పులి నెత్తిన కూర్చుని తీరుబడిగా జామకాయ తింటున్న కోతిని ఈ కళ్లతో చూశాను. ఊళ్లో నాలుగు రోజులు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడే ఎయిర్ గన్ ఆలోచన పుట్టింది. తుపాకిమందు లేదు, లైసెన్సు అక్కర్లేదు, గాలి ఒత్తిడితో చిన్న సీసపు గింజ పోతుంది. ఆ గింజల్ని ఛర్రాలంటారు. పట్నంలో దుకాణానికి పోయి ధర అడిగి, మంచినీళ్లు తాగి తిరిగొచ్చాను. కొత్తది కొనడం నావల్ల అయ్యే పని కాదు. ఇక ఫోన్లో పాత సామాన్లు అమ్మేచోట వెతకడం మొదలుపెట్టాను. రెండు నెలలు అదే పిచ్చి. గొట్టాన్ని కీలు దగ్గర కిందికి విరిచి వెలుతురుకు పెట్టి లోపల తుప్పు ఉందో లేదో చూడాలి. మరల మీద గీతలుంటే ఎవరో విప్పి కెలికారని అర్థం. ఇలాంటివన్నీ నేర్చుకున్నాను. పహాడీ షరీఫ్ దగ్గర ఒకటి చూశాను, దాని కర్రపిడి పగిలితే తీగ చుట్టి అమ్ముతున్నారు. ఇంకోచోట గొట్టమే వంకర. నా దగ్గరున్నదానికి అలాంటివే వస్తాయి మరి.

చివరికి రాజేంద్రనగర్‌లో ఒక కాలనీలో దొరికింది. అమ్మినాయన రిటైరైన పెద్దమనిషి, కోస్తా వైపువాడు. డాబా మీద అట్టముక్కలు పెట్టి గురి చూసి కొట్టుకునేవాడట. అపార్ట్‌మెంటుకు మారుతున్నాడు కాబట్టి ఇక కుదరదని అమ్మేస్తున్నాడు. నూనెగుడ్డతో తుడిచి, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో అందించాడు. దాచకుండా చెప్పాడు కూడా.

"స్ప్రింగ్ అలిసిపోయిందండి. లోపలి వాషర్ కూడా ఎండిపోయింది. రెండూ మార్పించుకోండి. ఇంతకీ మీరు దేనికి వాడతారు?"

"గురి నేర్చుకుందామని సార్," అన్నాను.

"సంతోషం. ప్రాణుల జోలికి మాత్రం పోకండి. ఇప్పుడున్న స్థితిలో ఇది చంపదు, అలాగని బతకనివ్వదు."

మనిషైనవాడు ఆ మాట విని ఏం చేయాలి? నేనేం చేశానో చెబుతాను. "స్ప్రింగ్ వోయిందని మీరే అంటున్నరు గద సార్, జర తగ్గించుండ్రి," అన్నాను. ఆయన తగ్గించాడు. ఆయన చేసిన హెచ్చరికను నేను బేరానికి వాడుకున్నాను. ఇంటికొచ్చే దారంతా ఆ తెలివికి మురిసిపోయాను.

స్ప్రింగ్ మార్పించలేదు. అది మరో ఖర్చు. పైగా నాలో నేను ఒక లెక్క చెప్పుకున్నాను: బలం లేనిదే మేలు, కోతికి చురుక్కుమంటుంది, పారిపోతుంది, చావదు, నాకు పాపం అంటదు. పాపం అంటని తుపాకీ చవకగా దొరికిందని సంబరం నాది. పద్మకు చెప్పలేదు. ఆమె మంగళవారం ఆంజనేయస్వామికి ఒక్కపొద్దు ఉంటుంది. మోటారు గదిలో పాత పైపు ముక్క ఒకటి ఉంటే అందులో దూర్చి, మూతికి గుడ్డ కుక్కి, పైన గడ్డి వేశాను. దొంగసొమ్ము దాచినట్టు దాచానంటే, అది తప్పని నాకు మొదటి రోజే తెలుసన్నమాట.

మా తోట మీదుగా విమానాలు దిగుతాయి. తల మీదుగా పోయేటప్పుడు పక్కవాడు అరిచినా వినపడదు. గన్ చప్పుడు పెద్దదేం కాదు కానీ పక్క చేనులో మనుషులుంటారు. అందుకని గొట్టం విరిచి ఛర్రా పెట్టుకుని, చెట్టు చాటున కూర్చుని విమానం కోసం ఎదురుచూసేవాణ్ని. నెత్తిమీదికి రాగానే కొట్టేవాణ్ని. పిర్ర మీద తగిలితే కోతి ఎగిరి గంతేసి కిచకిచమంటూ పారిపోయేది. నాకు నవ్వొచ్చేది. పులిబొమ్మ నాటి అవమానం తీరుతున్నట్టు ఉండేది. నెల రోజుల్లో నాకు అందులో రుచి తగిలింది. తోటలో కోతులు లేని రోజున ఏదో వెలితిగా ఉండేది. ఇది రాస్తుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తోంది.

ఆ సమయంలోనే పంచాయతీ వాళ్లు కోతులు పట్టే మనిషిని పిలిపించారు. పాలమూరు దిక్కు నుంచి వచ్చాడు. పేరు ఎల్లయ్య. నా పేరు దాచుకుని అతని పేరు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను, కారణం చివర్లో చెబుతాను. యాభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి. వెంట భార్య. పంచాయతీ ఆఫీసు వెనక రేకుల షెడ్డులో దిగారు. ఇనుప బోన్లు పెట్టి, లోపల పల్లికాయలు, అరటిపళ్లు వేసి, దూరంగా కూర్చునేవాడు. పడిన కోతి మీద నీళ్లు చల్లి, "ఊకో, ఊకో, అడవికే పోతున్నవ్," అని చెప్పేవాడు. కట్టె పట్టుకోగా నేను చూడలేదు. పట్టినవాటిని వ్యానులో వేసి దూరం అడవిలో వదిలి వచ్చేవాడు. ఒక్కో వాడకట్టూ అయ్యాక, "సోమారం మీ తోటకే వస్త పటేలా," అని నాకు తనే చెప్పాడు.

అంటే నాకిక గన్‌తో పనిలేదు. నాలుగు రోజులు ఆగితే చాలు. ఆగలేదు. ఎందుకు ఆగలేదు? ఈ ప్రశ్న వేసుకోని రోజు లేదు. కోపం అనుకుందామా? ఆ రోజు కోపం లేదు. నష్టమా? నష్టం కూడా లేదు. నిజం ఇంకా నీచంగా ఉంటుంది. అంత వెతికి, అంత బేరమాడి కొన్న వస్తువు ఇక మూలన పడుతుందే అనిపించింది. వాడుకోవడానికి ఇంకో నాలుగు రోజులే ఉన్నాయి. అంతే.

ఆ మధ్యాహ్నం తోటలో ఒకటే కోతి ఉంది. ముసలిది. చెట్టెక్కలేదు. కింద రాలిపడిన కాయను, ఒక పక్క పురుగు పట్టిన కాయను, ఏరుకుని తింటోంది. నేను పది అడుగుల్లో ఉన్నాను. విమానం వచ్చింది. కొట్టాను.

అది ఎగరలేదు. పారిపోలేదు. వంగి తన కడుపు చూసుకుంది. వేలితో అక్కడ తడిమి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత నా వైపు చూసింది. చూపులో కోపం ఉందనో, శాపం పెట్టిందనో రాస్తే మీకు బాగుండవచ్చు. అలాంటిదేమీ లేదు. అర్థంకాక చూసింది. కాసేపటికి కాయ అక్కడే వదిలేసి నడుచుకుంటూ వెళ్లిపోయింది.

మూడు రోజులు బతికింది. తోటలోంచి ఊళ్లోకి వచ్చి బడి ప్రహరీ మీద కూర్చుంది. ఎవరో అరటిపండు ఇస్తే చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను ఆ దారిన రోజుకు రెండుసార్లు పోయాను. రెండుసార్లూ తల తిప్పుకోలేదు, చూశాను. పోతుందా, ఉంటుందా అని చూశాను. నాలుగో రోజు తెల్లారేసరికి ఆంజనేయస్వామి గుడి అరుగు మీద చచ్చిపడి ఉంది.

మా దిక్కున ఊళ్లో కోతి చనిపోతే మామూలుగా పారేయరు. మనిషికి చేసినట్టే చేస్తారు. స్నానం చేయించి, పసుపు కుంకుమలు పెట్టి, కొత్త బట్ట కప్పి, డప్పులతో భజనతో ఊరేగించి, గుడి దగ్గరే గుంత తీసి పూడుస్తారు. పదకొండో రోజు ఊరందరికీ భోజనాలు. ఇది గుడి అరుగు మీదే పోయింది కదా, స్వామి తన గడప దగ్గరికే వచ్చి ప్రాణం విడిచాడని ఆడవాళ్లు ఏడ్చారు. పద్మ కూడా ఏడ్చింది. స్నానం ఎవరు చేయిస్తారన్న మాట రాగానే నేను ముందుకొచ్చాను. "నేను చేయిస్త," అన్నాను. అందరూ దారిచ్చారు.

భక్తి అనుకున్నారు. కడుపు మీది రంధ్రం ఇంకెవరి కంటా పడకూడదని నా భయం.

కందిగింజంత రంధ్రం. చుట్టూ బొచ్చు అట్టకట్టింది. కడుపు ఉబ్బి గట్టిపడింది. బిందెతో నీళ్లు పోస్తుంటే రంధ్రంలోంచి పచ్చగా కారింది. ఆ వాసన ఎలా ఉంటుందో రాయను. చుట్టూ ఉన్నవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరిగారు. నాకు అదే కావాలి. రుద్దుతుంటే వేలికి చర్మం కింద గట్టిగా ఏదో తగిలింది. నా ఛర్రా. స్ప్రింగ్‌కు బలం ఉంటే ఇంకా లోపలికి పోయి ఉండేది, ఆ జీవం అప్పుడే పోయి ఉండేది. పైపైనే ఆగి, మూడు రోజులు కుళ్లబెట్టింది. బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కాను. కనపడకుండా, వేలు సగం దాకా నొక్కాను. దాని మీద పసుపు ముద్ద మెత్తాను. మీద రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు పెట్టాను. "అన్న చేతులు మంచియి," అని వెనక నుంచి ఎవరో అనడం వినపడింది.

అప్పుడు వచ్చాడు ఎల్లయ్య. చేతులు కట్టుకుని దూరంగా నిలబడి చూసి, ఉండబట్టలేక ముందుకొచ్చాడు. ఆ మాటలు ఒక్కటి కూడా మర్చిపోలేదు.

"పటేలా, జర ఆగుండ్రి. దాని కడుపు ఉబ్బింది. నన్నొకపారి చూడనీయుండ్రి."

"ఏం జూస్తవ్?"

"ఇరవై ఏండ్ల సంది కోతులతోనే ఉన్న. మందు వడితె నోట్ల నురగొస్తది. దీనికి రాలె. ఇది దెబ్బ తగిలి సచ్చింది. బొచ్చు జరిపి చూస్తె ఎరుకైతది."

"తానం చేయించినం, పసుపు వెట్టినం. ఇగ వేరేటోళ్లు ముట్టొద్దు."

"నేను ముట్ట పటేలా. మీరే జరుపుండ్రి. నేను గీడికెల్లే చూస్త."

వందమంది నన్నే చూస్తున్నారు. అతను అడిగింది న్యాయంగా ఉంది. ఇంకో క్షణం ఆగితే ఎవరో ఒకరు 'నిజమే గదా, చూపించు' అంటారు. నా చేతి కింద కోతి కడుపు చల్లగా తగులుతోంది. ముందే అనుకున్న మాట కాదు. కానీ ఎంత సులువుగా వచ్చిందంటే, లోపల ఎక్కడో సిద్ధంగానే ఉందేమో.

"అది గాదు గని ఎల్లయ్యా, నువ్వు వెట్టే పల్లికాయలల్ల ఏం కలుపుతున్నవ్?"

అంతే. ఒక్క ప్రశ్న. నింద కూడా కాదు చూడండి, ప్రశ్న. ఎన్నిసార్లు ఆ సందు చూసుకుని తప్పించుకోవాలనుకున్నానో! నేనేం అనలేదు, అడిగానంతే, కొట్టమన్నానా, ఊరోళ్ల ఆవేశానికి నేనా జవాబుదారీ అని. ఇదంతా సొల్లు. ఆ మాట ఎందుకు అన్నానో నాకు తెలుసు. అది ఎటు పోతుందో కూడా తెలుసు.

అతను "నేనా?" అన్నాడు. అంతవరకే అనగలిగాడు. మొదటి దెబ్బ ఎవరు కొట్టారో నేను చూడలేదు. తర్వాతవి చూశాను. షెడ్డులోంచి బోన్లు ఈడ్చుకొచ్చి రాళ్లతో కొట్టి వంచేశారు. అతని భార్య పల్లికాయల సంచి ఎత్తుకుని పరుగున వచ్చింది. "మందు లేదయ్యా, సూడుండ్రి, నేను తింటున్న," అని పొట్టుతో సహా గుప్పెళ్లకు గుప్పెళ్లు నోట్లో కుక్కుకుంది. నమిలే తీరిక లేదు, మింగుతోంది, పొలమారుతోంది, మళ్లీ కుక్కుకుంటోంది. ఎవరో సంచిని తన్నారు. కింద పడినవి ఏరుకుని మట్టితో సహా తింది. అంతకంటే రుజువు ఏం కావాలి? ఊరంతా చూసింది. ఆపినవాళ్లు లేరు. పది ఫోన్లు వీడియోలు తీశాయి.

ఆఖరికి అతనితో ముక్కు నేలకు రాయించారు. చచ్చిన కోతి ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తప్పయిందని అనిపించారు. "తప్పయింది స్వామీ, తప్పయింది," అన్నాడు. నేను చేసిన పనికి అతను నా కోతికి మొక్కి తప్పు ఒప్పుకున్నాడు. నేను పక్కనే, ఊరేగింపుకు తెచ్చిన ట్రాక్టర్‌కు ఆనుకుని నిలబడి ఉన్నాను. చేతులకు ఇంకా పసుపు ఉంది. చెప్పడానికి అంతకంటే మంచి క్షణం ఈ జన్మలో మళ్లీ రాదు. ఆ పసుపును లుంగీకి తుడుచుకున్నాను.

వాళ్లిద్దరూ నెత్తిన మూటలతో హైవే వైపు నడిచి పోయారు. బోన్లు మా దగ్గరే పోయాయి. మాట్లాడుకున్న కూలి ఎవరూ ఇవ్వలేదు, అడిగే దమ్ము అతనికి మిగల్లేదు. మేము ట్రాక్టర్ ట్రాలీకి పూలు కట్టి కోతిని ఊరేగించాం. గుంత దగ్గర ట్రాలీలోంచి దించాక పాడెకు ముందు పక్క నేనే పట్టాను. పదకొండో రోజు భోజనాల్లో మొదటి విస్తరి నాకే వేశారు. తిన్నాను. మారు వడ్డిస్తే వద్దనలేదు కూడా. ఆకలేసింది మరి. దేవుడు నా ఆకలైనా పోగొట్టలేదు.

గన్ సంగతి. దాన్ని మళ్లీ అమ్ముదామని ఫోటోలు తీశాను. కొన్నంతకు పోతుందేమో చూద్దామని. అవును, ఇంత జరిగాక కూడా. గోడకు ఆనించి, మంచి వెలుతురులో, మూడు వైపుల నుంచి తీశాను. తీసిన ఫోటో ఒకదానిలో నా వేలు పడింది. గోరు సందులో పసుపు. అప్పుడు వాంతయింది. మూడు ముక్కలుగా విప్పి తోటలో ఎండిపోయిన బోరు గొట్టంలోకి జారవిడిచాను. మర్నాటి నుంచి మామూలుగానే బతికాను. అందుకే నా మీద నాకు ఇంత ఏవగింపు. పిచ్చెక్కలేదు, మంచం పట్టలేదు, మామూలుగానే బతికాను.

నాలుగేళ్ల కింద ఒక సాయంత్రం శంషాబాద్‌లో పద్మతో పాటు నేనూ తట్టల దగ్గర కూర్చుని ఉంటే, ఎల్లయ్య వచ్చాడు. నన్ను చూసి రాలేదు, కాయల కోసం వచ్చాడు. తర్వాత గుర్తుపట్టాడు. ఎయిర్‌పోర్టు రోడ్డులో ఏదో ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడుగుతున్నాడట. అప్పటి నుంచి ఏ ఊరివాళ్లూ కోతులు పట్టడానికి పిలవడం లేదట. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరి ఫోన్లో ఆ వీడియో ఉంటుందట, అతను దిగకముందే చూపించుకుంటారట. ఇదంతా నిందగా చెప్పలేదు. వాన పడిందనో ఎండ ఎక్కువుందనో చెప్పినట్టు చెప్పాడు. చెప్పి, కొంచెం దగ్గరికి జరిగి, నన్నొక సాయం అడిగాడు. మీరు పెద్దమనుషులు, మీ ఊరోళ్లకు జర చెప్పుండ్రి, నేను మందు వెట్టలేదని, మీ మాట వింటరు అన్నాడు.

నన్ను అడిగాడు. ప్రపంచంలో ఇంతమంది ఉండగా నన్ను. అంటే ఆ రోజు ఆ ప్రశ్న నేను అడిగినా, అతను నన్ను అనుమానించలేదు. తెలియక అడిగాననుకున్నాడు.

"చెప్తలే," అన్నాను. రెండు కిలోల జామకాయలు సంచిలో పోసి ఇచ్చి, వద్దంటున్నా వినకుండా చేతిలో పెట్టాను. మనిషి బతుకు తీసుకుని జామకాయలు ఇచ్చాను. అతను రెండు చేతులతో దండం పెట్టి వెళ్లాడు. పద్మ అంది, "పాపం, అప్పట్ల ఎవ్వడో పెట్టిన చిచ్చు ఇయ్యాల్టిదాంక కాలుతున్నది." నేను తట్ట సర్దాను.

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. అతను మళ్లీ కనపడలేదు. ఆ ఫంక్షన్ హాలుకు రెండుసార్లు పోయి గేటు దాకా చేరి తిరిగొచ్చాను. రెండోసారి వాచ్‌మన్ అడిగితే పెళ్లికి వచ్చానని చెప్పాను.

ఇన్నేళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ ఎండాకాలం కోతిని పూడ్చినచోట చిన్న మంటపం కట్టారు. రాతి పలక చెక్కించారు. స్నానం చేయించిన చేతులు కాబట్టి మాటలు నాకు చూపించి ఒప్పించుకోవాలట. కాగితం తెచ్చారు. 'దుర్మార్గుని విషానికి బలైన' అని మొదలైంది. నేను ఆ ముక్క తీసేయమన్నాను. ఎందుకని అడిగారు. ఇదిగో, దేవుడు మళ్లీ ఒక అవకాశం ఇచ్చాడు, ఎదురుగా ఐదుగురు పెద్దమనుషులు కూర్చున్నారు, నోరు తెరిస్తే చాలు. "ఎందుకు, పాత పగలు రాతి మీద?" అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "నీది మెత్తటి మనసన్నా," అన్నారు. ఆ ముక్క తీసేశారు. నేను అన్న మాట సగం, దాచింది సగం, దానికి కూడా మెప్పు దక్కింది. ఆ రాత్రి కాదు, ఆ మర్నాడు కాదు, అక్కడే, ఆ కుర్చీలోనే నాకు నా మీద ఇక సహించలేనంత కంపరం పుట్టింది. లేచి ఇంటికొచ్చి కాగితం తీసుకున్నాను.

పద్మ లోపల బియ్యం ఏరుతోంది. ఏం రాస్తున్నావని ఒకసారి అడిగింది. బ్యాంకు కాగితం అన్నాను. అబద్ధం ఇంకా అంత సులువుగానే వస్తోంది. రాసినంత మాత్రాన మారిపోయాననుకోకండి. దీన్ని పద్మకు చూపిస్తానో లేదో తెలియదు. ఎల్లయ్య చేతికి చేరే దారి తెలియదు, అతనికి చదవడం వచ్చో రాదో కూడా నేనెప్పుడూ తెలుసుకోలేదు. క్షమించే హక్కు మీకు లేదు, అడగడం లేదు. ఇంత రోతలోనూ ఒక్కటి మాత్రం నిజం. ఇంతసేపూ రాస్తుంటే బరువు కొంచెం దిగింది. ఆ కొంచెం హాయి కూడా నాకు దక్కాల్సింది కాదు. అయినా దక్కింది, దాచను.

అతని పేరు ఎందుకు రాశానో చెబుతానన్నాను కదా. ఆ వీడియో మీ ఫోన్లోకి కూడా వచ్చి ఉండవచ్చు. కోతిని విషం పెట్టి చంపినవాడు అని కింద రాసి ఉంటుంది. మీరు కూడా నాలుగు తిట్లు తిట్టి ఇంకొకరికి పంపి ఉండవచ్చు. మళ్లీ ఎప్పుడైనా వస్తే, ముక్కు నేలకు రాస్తున్న ఆ మనిషి పేరు ఎల్లయ్య అని, అతను ఏ తప్పూ చేయలేదని గుర్తుపెట్టుకోండి. అతన్ని చూడటం ఆపి, ఎడమ పక్కకు చూడండి. ట్రాక్టర్ టైరుకు ఆనుకుని, తెల్ల బనియన్లో, తడిసిన లుంగీతో, అందరికంటే బుద్ధిమంతుడిలా తల వంచుకుని ఒకడు నిలబడి ఉంటాడు. తల వంచినా వాడి ముఖం బాగానే కనపడుతుంది. కోతిని చంపింది వాడు. వాడు నేనే.